మట్టి అంటని బూట్లు

మా నాన్నకు ఊళ్ళు తిరిగి చూడటమంటే గిట్టదు. చర్చి చూపిస్తే గుమ్మం దాకా వచ్చి, ఇలాంటిది మన వీధిలోనూ ఉందిగా అని బయటే నిలబడిపోతాడు. మ్యూజియంలో మొదటి బెంచీ దాటి లోపలికి పోడు. అలాంటి మనిషి ఆ ఆగస్టులో బ్రుగ్గె పట్నంలో మమ్మల్ని ఒక్క వీధి, ఒక్క వంతెన, ఒక్క చాక్లెట్ దుకాణం వదలకుండా తిప్పాడు. నేను గెంక్‌లో సిటీ బస్సు నడుపుతాను. బస్సు నడిపేవాళ్ళకు నింపాదిగా నడిచేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. అందుకని ఆ మూడు రోజులూ నాకు ఇప్పటికీ కాళ్ళలో ఉన్నాయి.

అంతా జూన్‌లో కంటి డాక్టరు దగ్గర మొదలైంది. మా అమ్మ ఒడీల్‌కు చూపు మధ్యలోంచి పోతోందని, చలికాలం వచ్చేసరికి చుట్టూ అంచులు తప్ప మనుషుల మొహాలు, అక్షరాలు కనబడవని ఆ డాక్టరమ్మ మెత్తగానే చెప్పింది. అమ్మ ఏడవలేదు. ఇంటికొచ్చి అందరికీ కాఫీ పోసింది. తన కప్పులో ముంచిన బిస్కెట్టు నాని విరిగి పడిపోతే, చెంచాతో వెతికి తీసుకుని తినేసింది. అప్పుడు అంది.

"ఈ వేసవిలో నన్ను బ్రుగ్గె తీసుకెళ్ళండి. చూపున్నప్పుడే ఒకసారి ఊరంతా చూస్తాను. ఆ తర్వాత యోరిస్ దగ్గరికి వెళ్దాం."

నాన్న కాఫీ తాగడం ఆపేశాడు. యోరిస్ మా అన్న. మేమంతా అమ్మ పుట్టిన ఊరు బ్రుగ్గెలోనే ఉన్న రోజుల్లో, వాడు అక్కడి కాలవల్లో టూరిస్టుల పడవ నడిపేవాడు. ఇరవై ఏళ్ళవాడు. ఒక ఫిబ్రవరి పొద్దున పడవ కడగడానికి వెళ్ళి, మంచు మీద కాలుజారి, తల గట్టుకు కొట్టుకుని నీళ్ళలో పడ్డాడు. అప్పటికి నాకు పన్నెండేళ్ళు. ఆ వేసవిలోనే మేము దేశానికి ఈ చివర, నాన్న వాళ్ళ వైపు వచ్చేశాం. ఆయనకు కార్ల ఫ్యాక్టరీలో పని దొరికింది. అమ్మ మళ్ళీ బ్రుగ్గెలో కాలు పెట్టలేదు.

నాన్న మాత్రం ఏటా వెళ్ళేవాడు. నవంబరు మొదటి తేదీన మా దేశంలో అందరూ చామంతి కుండీలు పట్టుకుని తమ వాళ్ళ సమాధుల దగ్గరికి వెళ్తారు. నాన్న కూడా మంచి కోటు వేసుకుని, ఒక కుండీ చంకలో పెట్టుకుని మొదటి రైలుకు పోయి చీకటి పడ్డాక వచ్చేవాడు. బాగుందా అని అడిగేది అమ్మ. బాగుంది అనేవాడు నాన్న. అమ్మ ఆయన బూట్లు తీసుకుని తుడిచి, లోపల పాత పేపర్లు కుక్కి పొయ్యి పక్కన ఆరబెట్టేది. యోరిస్ గురించి మా ఇంట్లో ఏడాది మొత్తానికి జరిగే మాటలు అవే. నేను బస్సు ఉద్యోగంలో చేరాక ఆ పండగ రోజున ఎప్పుడూ డ్యూటీయే ఉండేది. ఆ పని నాన్నది అన్నట్టు ఇంట్లో అలా నడిచిపోయింది.

"ఆగస్టులో... అక్కడ... జనం ఎక్కువగా ఉంటారే" అన్నాడు నాన్న చివరికి.

నాన్న వైపు వాళ్ళు మాటను సాగదీసి మాట్లాడతారు. అమ్మ ఊరివాళ్ళు సగం మాట మింగేస్తారు. నలభై ఏళ్ళకు పైగా ఆ ఇద్దరికీ అదే వేళాకోళం.

"నువ్వు ఆ మాట పూర్తి చేసేసరికి సెప్టెంబరు వచ్చేస్తుందిలే. గ్రీత్, నువ్వు గదులు మాట్లాడు" అంది అమ్మ.

నేను మాట్లాడాను. నేను, తొమ్మిదేళ్ళ నా కూతురు ఫీన్, అమ్మ, నాన్న, నలుగురం బయల్దేరాం.

మొదటి రోజు పడవెక్కాం. ఎక్కుదామన్నది నాన్నే. నేను ఆశ్చర్యపోయాను కూడా. పడవ నడిపే కుర్రాడు మూడు భాషల్లో అవే జోకులు వేస్తున్నాడు. చేతులు లోపల పెట్టుకోండి, ఇక్కడి హంసలకు పొద్దున్నుంచి ఏమీ పెట్టలేదు అన్నాడు. జనం నవ్వారు. అమ్మ తల కొంచెం పక్కకు తిప్పి, కంటి చివరల నుంచి చూస్తోంది. అప్పటికే అలా చూడటం అలవాటు చేసుకుంది. గోడల మీది తీగలు, నీళ్ళలోకి దిగిన మెట్లు, కిటికీలో పడుకున్న కుక్క, ఒక్కొక్కటే ఫీన్‌కు వేలు పెట్టి చూపించింది. ఆ ఇంట్లో తను చిన్నప్పుడు పాలు పోయించుకునేదట. ఈ ఇంటి ముసలాయన పిల్లల మీద నీళ్ళు కుమ్మరించేవాడట. అమ్మ అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం నేను చాలా ఏళ్ళ తర్వాత విన్నాను.

ఒక వంతెన బాగా కిందికి ఉంది. తలలు వంచండి అన్నాడు కుర్రాడు. అందరం వంచాం. వంతెన దాటాక అందరం ఎత్తాం. నాన్న ఎత్తలేదు.

"తాతయ్యా, వంతెన అయిపోయింది" అని ఫీన్ ఆయన వీపు మీద తట్టింది.

నాన్న చాలాసేపటికి తలెత్తి, మెడ పట్టేసిందన్నాడు. పడవ దిగాక, ఇంకొక చుట్టు వెళ్దామా అని అడిగింది ఫీన్. వద్దు, గుర్రబ్బండి ఎక్కుదాం అన్నాడు. గుర్రబ్బండి దిగాక చాక్లెట్ దుకాణం. చాక్లెట్ దుకాణం తర్వాత ఒక పాతకాలపు చిత్రకారుడి మ్యూజియం, అందులో మొదటి బెంచీ దాటి, ఆఖరి గది దాకా. ప్రతి బొమ్మ ముందూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆయనకు ఆ బొమ్మలు కనబడుతున్నాయని నేను అనుకోను.

సాయంత్రం ఆ మ్యూజియం వెనక సందులో ఒక ముసలావిడ గుమ్మంలో కూర్చుని లేసు అల్లుతోంది. ఒళ్ళో దిండు, దాని నిండా గుండుసూదులు, వాటి చుట్టూ దారం చుట్టిన చిన్న చిన్న కర్రలు. అమ్మ చిన్నప్పుడు సన్యాసినుల బడిలో ఆ పని నేర్చుకుంది. కాసేపు నిలబడి, నేనొక వరస అల్లనా అని అడిగింది. ఆవిడ లేచి కుర్చీ ఇచ్చింది. అమ్మ దిండు వైపు చూడనే లేదు. వీధి వైపు చూస్తూ కూర్చుంది. వేళ్ళు వాటంతటవే కర్రల్ని అటూ ఇటూ దాటించేస్తున్నాయి.

"కళ్ళు మూసుకుని కూడా చేసేట్టున్నారే మీరు" అంది ఆవిడ.

"త్వరలో అలాగే చెయ్యాలిలెండి" అంది అమ్మ.

రాత్రి భోజనానికి రొయ్యల కట్లెట్లు చెప్పుకున్నాం. అవి రాగానే అమ్మ రేపు యోరిస్ దగ్గరికి వెళ్దామంది. నాన్న గబుక్కున, రేపు గంటల గోపురం ఎక్కాలి కదా అన్నాడు. గోపురం ఎల్లుండీ ఉంటుందిగా అంది అమ్మ. ఎల్లుండి వానట, పైనుంచి ఏమీ కనబడదట. నాకు ఒళ్ళు మండింది.

"నీ మోకాళ్ళకి మన ఇంటి మేడ మెట్లే ఎక్కువ నాన్నా. గోపురం ఎక్కుతావా? ఏమైంది నీకు?"

నాన్న ప్లేటు వైపు చూస్తూ నిమ్మకాయ ముక్కను పిండాడు. అందులో చుక్క రసం లేకపోయినా పిండుతూనే ఉన్నాడు. అమ్మ ఆయన చేతిలోంచి ఆ ముక్క తీసి పక్కన పెట్టింది.

"సరే, రేపు గోపురం. ఎల్లుండి యోరిస్. దానికి తిరుగు లేదు" అంది.

మర్నాడు తెల్లవారగానే నాన్న నా తలుపు కొట్టాడు. కోటు వేసుకుని ఉన్నాడు. అమ్మను నడిపించాలిగా, ముందు మనం వెళ్ళి దారి చూసొద్దాం అన్నాడు. ఏటా వెళ్ళేవాడికి దారి చూడటమేమిటని అనిపించింది. అయినా వెళ్ళాను.

శ్మశానం ఊరికి తూర్పు వైపు, ఇటుక గోడ వెనక ఉంది. గేటు దాకా నాన్న నాకంటే ముందు నడిచాడు. గేటు దగ్గర ఆగిపోయాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, "ఎటు?" అని నన్ను అడిగాడు.

పూడ్చిన రోజు తర్వాత ఆయన ఎన్నడూ లోపలికి వెళ్ళలేదని ఆ ఒక్క మాటతో అర్థమైపోయింది.

నేను పన్నెండేళ్ళ పిల్లగా నడిచిన దారి గుర్తు తెచ్చుకున్నాను. నీళ్ళ కొళాయి దాటి ఎడమకు తిరిగితే, గోడ వెంట మూడో నాలుగో రాయి. రాయి గుర్తుపట్టడం తేలిక. మిగతా అన్నీ నున్నగా చెక్కినవి. యోరిస్ రాయికి మాత్రం పై అంచు చెక్కకుండా గరుకుగా వదిలెయ్యమని అమ్మ శిల్పితో పట్టుబట్టింది. వాడు ఎన్నడైనా తల దువ్వుకున్నాడా, ఇప్పుడు దువ్వుతానంటే ఊరుకుంటాడా అంది. ఏడుస్తూ అన్నదో నవ్వుతూ అన్నదో నాకు అప్పుడు తెలియలేదు. శిల్పి మాత్రం అలాగే వదిలేశాడు.

కొళాయి దాటి ఎడమకు తిరిగాం. గోడ ఉంది. గోడ పొడుగునా పచ్చిక ఉంది, కొత్తగా కోసిన పచ్చిక. ఒక్క రాయి లేదు.

చక్రాల బండిలో ఆకులు ఎత్తుకుపోతున్న మనిషిని అడిగాను. ఆ వరస మార్చిలో తీసేశామన్నాడు. మా దగ్గర సమాధి పాతికేళ్ళకే ఇస్తారు. ఆ తర్వాత ఇంట్లో వాళ్ళెవరైనా వచ్చి పొడిగించుకోవాలి. గడువు అయ్యేముందు రాయికి పసుపు కాగితం ఒకటి వేలాడదీసి ఏడాది పాటు ఉంచుతారు. ఏటా చామంతులు తెచ్చేవాళ్ళ కంట పడి తీరుతుందనే ఆ ఏర్పాటు. పూలు పెట్టడానికి రాని ఇల్లంటూ మా దేశంలో ఉండదు.

"రాళ్ళే తీశామమ్మా. కింద ఏమీ కదిలించలేదు. మీవాళ్ళు అక్కడే ఉన్నారు" అన్నాడతను. బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

నాన్న కొళాయి గట్టు మీద కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను. పక్కన కూర్చుంటే అరిచేస్తానేమోనని భయమేసింది.

"ఎన్నేళ్ళు? ఇన్నేళ్ళూ ఆ పూలు ఎక్కడ పెట్టావు?"

"వంతెన దగ్గర" అన్నాడు. "ఏటా ఈ గేటు దాకా వస్తా గ్రీత్. కాళ్ళు లోపలికి రావు. మళ్ళీ వెనక్కి పోయి, వాడు పడ్డ మెట్టు మీద కుండీ పెట్టి వచ్చేస్తా."

"ఎందుకు రావు?"

టోపీ అంచును వేళ్ళతో తిప్పాడు.

"ఆ రోజు వాడు లేవనన్నాడు. చలిగా ఉంది నాన్నా, మధ్యాహ్నం వెళ్తానన్నాడు. నేనే దుప్పటి లాగి లేపాను. బద్ధకం మంచిది కాదన్నాను."

నా కోపం ఎటు పోవాలో తెలియక అక్కడే నిలిచిపోయింది. కాసేపటికి, ఈ సంగతి అమ్మకు ఇవాళే చెప్పు అన్నాను. చెప్తానన్నాడు. ఆ రోజు నిజంగానే గోపురం ఎక్కాడు. ప్రతి మలుపులోనూ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వెనక వస్తున్నవాళ్ళు విసుక్కుంటూ పక్కనుంచి ఎక్కిపోయారు. పైన అమ్మ కమ్మీ పట్టుకుని, కంటి చివరల నుంచి ఎర్రటి పైకప్పులు చూసింది. దూరంగా తూర్పున గోడ, గోడ వెనక చెట్లు. అదేనా అని అడిగింది. అదే అన్నాడు నాన్న. ఇంకేమీ చెప్పలేదు.

మూడో రోజు వాన రాలేదు. అమ్మ సంతలో ఎర్ర బిగోనియా పూల కుండీ ఒకటి కొనుక్కుంది. ఆగస్టులో చామంతులెక్కడ దొరుకుతాయి. దారంతా తనే మోసింది, ఎవరికీ ఇవ్వలేదు. గేటు దగ్గర నేను నాన్న వైపు చూశాను. ఇప్పుడైనా చెప్తాడనుకున్నాను. ఆయన అమ్మ మోచెయ్యి పట్టుకుని నేరుగా లోపలికి నడిచాడు. పాతికేళ్ళకు పైగా ఆ గేటు దాటక, ముందురోజు నా వెనకే దాటిన కాళ్ళు అప్పుడు అంత నేరుగా ఎలా దాటాయో నాకు తెలియదు. కొళాయి దాటాక ఎడమకు తిరగలేదు. కుడికి తిరిగాడు.

అక్కడ నీలిరాళ్ళ వరస ఒకటి ఉంది. శుభ్రంగా ఉన్న ఒక రాయి ముందు ఆగి, "ఇదే ఒడీల్" అన్నాడు.

రాయి మీది అక్షరాలు అప్పటికే అమ్మ చూపుకు అందడం లేదు, అక్కడున్న పేరు వేరే ఎవరిదో. మార్టెన్ అనే మనిషిది. ఎనభై దాటి బతికిన మనిషి. ఫీన్ పెదాలు కదిలిస్తూ చదవడం మొదలుపెట్టి, నా చెయ్యి లాగింది.

"అమ్మా, ఇక్కడ రాసింది..."

నేను దాని వేళ్ళు నొక్కి, కొళాయి దగ్గరికి పోయి నీళ్ళు పట్టుకురా అన్నాను. నా మొహం చూసి పిల్ల మారుమాట్లాడకుండా వెళ్ళింది. నాకు నాన్న గొంతు పట్టుకోవాలనిపించింది. ఆయన అప్పటికే మా వైపు వీపు తిప్పి, గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి.

అమ్మ కుండీ కింద పెట్టింది. మోకాళ్ళ మీద వంగి, చేత్తో రాయిని తడిమింది. ముందు పక్కలు, తర్వాత పైకి. అరచెయ్యి పై అంచు మీదికి వెళ్ళింది. ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా ఒకసారి పోయింది. ఆ అంచు గాజులా నున్నగా ఉంది. చెయ్యి ఆ చివర ఆగింది. మళ్ళీ వెనక్కి వచ్చింది.

అమ్మ చెయ్యి తీసేసుకుంది. కుండీని రాయికి ఆనించి, ఎండిన ఆకు ఒకటి తుంచి పారేసింది.

"బాగా చూసుకున్నావు రెమీ" అంది.

నాన్న తిరగలేదు. అమ్మ నా చెయ్యి పట్టుకుని లేచింది. ఆ పట్టు నాకు ఇంకా గుర్తుంది, నొప్పి పుట్టింది. ఫీన్ నీళ్ళు తెచ్చి మొక్కకు పోసింది. పదండి, పిల్లకు ఆకలేస్తుంది అంది అమ్మ. కూడలిలో కూర్చుని మయొనీజ్‌తో బంగాళాదుంప వేపుళ్ళు తిన్నాం. నాన్న ఆ మూడు రోజుల్లో మొదటిసారి కడుపునిండా తిన్నాడు.

తిరుగు రైలు ఎక్కగానే నోరు తెరుచుకుని నిద్రపోయాడు. నాకు ఆయన మీద ఎంత అసహ్యం వేసిందో చెప్పలేను. అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. పొలాలు, పోప్లార్ చెట్లు, ఆవులు వెనక్కి పోతున్నాయి. అందులో ఆమెకు ఎంత కనబడుతోందో తెలియదు.

"అమ్మా, ఆ రాయి..." అన్నాను.

"నాన్న నిద్రపోతున్నాడు గ్రీత్. లేపకు" అంది.

ఆ శరత్కాలం మా ఇల్లు చాలా నిశ్శబ్దంగా గడిచింది. డాక్టరమ్మ చెప్పినదానికంటే తొందరగానే అమ్మ చూపు పోయింది. అక్టోబరు మధ్యకు వచ్చేసరికి కప్పు అంచుకు లోపల వేలు పెట్టి, వేడి తగిలేదాకా కాఫీ పోసేది. ఫీన్ లోపలికొస్తే అడుగుల చప్పుడు విని పేరు పిలిచేది. నాన్న ఇల్లంతా ఆమె వెనకే తిరిగేవాడు. కుర్చీలు పక్కకు జరిపేవాడు, రొట్టె ముక్కలు కోసిచ్చేవాడు, పొద్దున పేపరు ఆసాంతం, చావుకబుర్లతో సహా, తన సాగదీసే గొంతుతో చదివి వినిపించేవాడు. నేను ఆదివారాలు వెళ్ళేదాన్ని. ఆయనతో పొడిపొడిగా మాట్లాడేదాన్ని. ఆయన నా మొహంలోకి చూసేవాడు కాదు.

నవంబరు ఒకటిన ఆ ఏడు నేను సెలవు పెట్టాను. ఎందుకో ఆ రోజు ఇంట్లో ఉండాలనిపించింది. ఫీన్‌తో పొద్దున్నే వెళ్ళేసరికి నాన్న కోటు వేసుకుని వంటింట్లో నిలబడ్డాడు. బల్ల మీద తెల్ల చామంతుల కుండీ. బయట వాన. గుమ్మం పక్కన కుర్చీలో అమ్మ కూడా కోటు వేసుకుని, తలకు రుమాలు కట్టుకుని కూర్చుని ఉంది.

"నేనూ వస్తానంటే వినడేం ఈయన?" అంది నాతో.

"వానే. అక్కడంతా బురద. జారి పడతావు" అన్నాడు నాన్న.

"నువ్వు వెళ్ళేచోట బురద ఉండదుగా రెమీ."

అమ్మ గొంతులో కోపం లేదు. పేపర్లో వార్త ఏదో అడుగుతున్నట్టు అంది.

"నేను ఆ శ్మశానం పక్క వీధిలో పెరిగినదాన్ని. నవంబరులో అక్కడి బంకమట్టి మడమ దాకా అంటుకుంటుంది, కత్తితో గీకాలి. ఇన్నేళ్ళుగా నీ బూట్లు తుడుస్తున్నాను. ఒక్క ఏడాది కూడా మట్టి లేదు. మొదటి ఏడాదే అనుకున్నా, అడుగుదామని. ఏ మొహం పెట్టుకుని అడగను? నేనూ వెళ్ళలేదుగా."

నాన్న బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఎక్కడ పెట్టేవాడివి?" అని అడిగింది.

"వంతెన కింద."

"అక్కడికి తీసుకెళ్ళు."

నా కారులోనే వెళ్ళాం. రెండు గంటల పైన దారి. దారంతా వైపర్లు ఆడుతూనే ఉన్నాయి. ఫీన్ వెనక సీట్లో అమ్మమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

బ్రుగ్గెలో టూరిస్టులు లేరు. పడవలు నడవడం లేదు, టార్పాలిన్లు కప్పి గట్టుకు కట్టేసి ఉన్నాయి. వానకు హంసలు కూడా ఎక్కడికో పోయాయి. నాన్న అమ్మను వంతెన పక్క మెట్ల మీదుగా ఒక్కొక్క అడుగే దించాడు. పడవలు కట్టే ఇనుప కడియం ఒకటి గోడకు ఉంది. ఆమె చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టాడు.

"ఇక్కడే" అన్నాడు.

అమ్మ కడియాన్ని తడిమింది. గట్టును తడిమింది. నువ్వెక్కడ నిలబడేవాడివని అడిగింది. చెప్పాడు. అమ్మ జరిగి అక్కడ నిలబడింది. నాన్న కుండీ మెట్టు మీద పెట్టబోయాడు.

"ఇన్నేళ్ళూ ఇక్కడే పెట్టావుగా. ఈసారి లోపలికి తీసుకెళ్దాం" అంది అమ్మ.

"లోపల ఏమీ లేదు ఒడీల్." నాన్న గొంతు నీళ్ళ చప్పుడులో సగం వినబడలేదు. "రాయి తీసేశారు. కాగితం కట్టారట, నేను చూడలేదు. ఉత్త పచ్చికే ఉంది. ఆగస్టులో నీకు చూపించినది..."

"మన వాడిది కాదు. తెలుసు. అంత నున్నగా దువ్వుకున్న తల మన వాడిదెలా అవుతుంది?"

నాన్న అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చాడు. తన మాటల్లాగే ఏడుపు కూడా సాగదీసి, ఆగి ఆగి ఏడ్చాడు. దుప్పటి సంగతి కూడా అప్పుడే చెప్పాడు. అమ్మ ఆయన తల మీద చెయ్యి పెట్టింది. క్షమించానని మాత్రం అనలేదు. నేను ఆ మాట కోసం ఎదురుచూశాను, కానీ ఆమె అనలేదు.

శ్మశానం జనంతో కిటకిటలాడుతోంది. గొడుగులు, పిల్లలు, ఎటు చూసినా తెల్లవీ పసుపువీ చామంతులు. ప్రతి రాయి ముందూ కుండీలే. గోడ పక్కన పచ్చిక ఒక్కటే ఖాళీగా ఉంది. కొళాయి దాటి ఎడమకు నేనే దారి చూపించాను. బంకమట్టిలో బూట్లు దిగబడిపోతున్నాయి. నాన్న అమ్మను పట్టుకున్నాడు, అమ్మ కుండీని పట్టుకుంది. మూడో రాయో నాలుగో రాయో నాకు కచ్చితంగా గుర్తులేదు. అమ్మ తనే వంగి, తడి గడ్డిని వేళ్ళతో కొంచెంసేపు వెతికి, ఒకచోట కుండీ పెట్టింది. అక్కడే ఎందుకు పెట్టిందో మేము అడగలేదు.

చూపున్న రోజుల్లో ఆమె చూసింది వేరేవాళ్ళ రాయి. సొంత కొడుకు దగ్గరికి వచ్చేసరికి ఆమెకు చూపు లేదు, చూడటానికి రాయి కూడా లేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు నాన్న మీద ఇప్పటికీ కోపం వస్తుంది. కోపం వచ్చిన ప్రతిసారీ ఆ దుప్పటి కూడా గుర్తొస్తుంది.

"ఇక్కడేముంది అమ్మమ్మా, గడ్డే కదా" అంది ఫీన్.

"మీ మామయ్య" అంది అమ్మ.

ఇంటికి వచ్చేసరికి చీకటి పడింది. నాన్న గుమ్మంలో బూట్లు విప్పి, సాక్సులతో నిలబడ్డాడు. అమ్మ పొయ్యి పక్కన కుర్చీ వేసుకుని, ఒళ్ళో పాత పేపరు పరుచుకుని చెయ్యి చాపింది. నేను చేస్తానమ్మా, నీకు కనబడదు అన్నాను. ఇవ్వమంది. ఎడమ బూటు అందుకుని అడుగును వేళ్ళతో తడిమింది. మట్టి మడమ దాకా పట్టేసి గట్టిగా ఉంది. అమ్మ చాకు అడిగింది. గీకుతూ, వేళ్ళతో చూసుకుంటూ, మళ్ళీ గీకుతూ చాలాసేపు కూర్చుంది. రెండో బూటు కూడా తనే చేసింది. రాలిన మట్టిని పేపర్లో మడిచి ఒళ్ళో పెట్టుకుంది. ఆ రాత్రి దాన్ని ఎవరినీ పారెయ్యనివ్వలేదు.